గాజుల సాయిబు కేక

ఖాజా మొహిద్దీన్‌ది పెద్ద గొంతు. భుజాన గాజుల మలారం వేసుకుని మా సందు మొదట్లో "గాజులమ్మా, గాజులో" అని కేకేస్తే, సందు చివరింటి రెడ్డెమ్మ పొయ్యి మీది కుండ దించేసి వచ్చేది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం ఊళ్లలో అతని చేత గాజులు వేయించుకోని ఇల్లు తక్కువ. పరాయి మగవాడి నీడ పడనివ్వని ఇళ్లు కూడా అతనికి పీట వేసేవి. ఆడవాళ్లు ముంజేయి చాచి, వేసిన గాజులు కళ్లకద్దుకుని లేచేవాళ్లు.

ఎనభై రెండులో మద్రాసు నుంచి సినిమావాళ్లు వచ్చి మదనపల్లె శివారు కాలనీలో దిగారు. కొత్త మేడలు, ప్రహరీలు, ఇనప గేట్లు. ఆ ఇళ్లలో ఆడవాళ్లను ఎవరో ఒక్కొక్కరినే చంపుతుంటాడు, అదీ కథ. ఖాజాను వీధిలో కేకేస్తూ నడవమన్నారు. అతను రోజూలాగే తలకు తువ్వాలు చుట్టుకుని వెళ్లాడు. అది విప్పించి టోపీ పెట్టారు, కళ్లకు సుర్మా దట్టంగా పూశారు.

"నమాజుకే టోపీ పెడతా సార్. గాజులమ్మేటప్పుడు పెట్టను," అన్నాడు ఖాజా.

"పెడితేనే నువ్వెవరో జనానికి తెలుస్తుందయ్యా," అన్నాడు మేకప్పాయన.

నిజమే, బాగానే తెలిసింది. సినిమా వచ్చిన రోజు ఖాజా తన భార్య మైమూన్ బీని వెంటబెట్టుకుని వెళ్లి హాలు మధ్య వరసలో కూర్చున్నాడు. తెర మీద అతని కేక వినబడుతుంది, గేటు తెరుచుకుంటుంది, తర్వాత శవం. మళ్లీ కేక, మళ్లీ శవం. హాల్లో ఆడవాళ్లు కొంగు నోట్లో కుక్కుకున్నారు. లేచి పోదామంటే అటూ ఇటూ మోకాళ్లే. చివరి రీలులో హంతకుడు ఆ కాలనీలోనే ఓ ఇల్లాలి మొగుడని తేలింది గానీ, అది ఎవరికి గుర్తుంది? మరునాడు మదనపల్లెలో ఏ ఇల్లాలూ మొగుణ్ణి చూసి తలుపేసుకోలేదు. గాజులాయన కేక విని వేసుకున్నారు. తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

కేకేస్తే గడియలు పడేవి. కేకేయకుండా నడిస్తే "సద్దు లేకుండా యాల వస్తాండాడు?" అనేవాళ్లు. పుంగనూరు పోతే అతనికంటే ముందే సినిమా వెళ్లి కూర్చుంది. కుప్పంలోనూ అంతే.

రెడ్డెమ్మ కూతురు శాంతకుమారి సీమంతానికి మాత్రం కబురొచ్చింది. చిన్నప్పటినుంచీ ఆ పిల్లకు గాజులు వేసింది ఖాజానే. సంబరంగా పచ్చగాజులు ఏరి పట్టుకెళ్లాడు. తలుపు వేసి ఉంది. కిటికీ దగ్గర రెడ్డెమ్మ నిలబడింది.

"మా వియ్యపురాలు బయపడతాండాది ఖాజప్పా. ఆణ్ణించే ఎయ్యి," అంది. కిటికీ కమ్ముల మధ్య నుంచి శాంతకుమారి చెయ్యి బయటికి వచ్చింది.

ఖాజా ఆ చెయ్యి పట్టుకుని, వదిలేశాడు. "ఏసినాక ఈ కమ్ముల్లోనించి చెయ్యి లోపలికి పోదమ్మా. లాగితే గాజులు చిట్లతాయి. కడుపుతో ఉండే బిడ్డకు మంచిది కాదు."

"తలుపు తియ్యమ్మా," అంది లోపల్నుంచి శాంతకుమారి.

రెడ్డెమ్మ వియ్యపురాలి వైపు చూసింది. తలుపు తెరుచుకోలేదు. ఖాజా పచ్చగాజులు కమ్ముల్లోంచి రెడ్డెమ్మకు అందించాడు.

"మీరే ఎయ్యండమ్మా. సబ్బు నురగ పూసి, మెల్లింగా," అని చెప్పి వెళ్లిపోయాడు. ఆ తర్వాత మలారం భుజానికి ఎత్తలేదు. ఇంట్లో మైమూన్ బీ పక్కన కూర్చుని బీడీలు చుట్టడం నేర్చుకున్నాడు.

కొన్నేళ్లకు అదే సినిమా మళ్లీ వచ్చింది. హాలువాళ్లు జట్కాకు మైకు కట్టి, సినిమాలోని ఖాజా కేకనే టేపులో పెట్టి ఊరంతా తిప్పారు. మనిషి ఇంట్లో బీడీలు చుడుతున్నాడు, అతని గొంతు మాత్రం ఏ అడ్డూ లేకుండా వీధి వీధీ తిరుగుతోంది. జట్కా ఖాజా వాళ్ల సందులోకి మళ్లింది.

"గాజులమ్మా, గాజులో."

మైమూన్ బీ చేతిలోని ఆకు కింద పెట్టి, లేచి వెళ్లి తలుపు గడియ వేసింది.