నా వేలిలో కదిలేవి

ఇన్నాళ్ళూ నేను రాయలేకపోవడానికి పెద్ద కారణమేమీ లేదు. మా ఇంట్లో రాత మా ఆయన పని, వంట నా పని. ధవళేశ్వరంలో లస్కరుగా కాలువ గేట్లు ఎత్తుతూ దించుతూ రిటైరైన మనిషి ఆయన. పార్కిన్సన్స్ జబ్బు వచ్చాక చెయ్యి వణికింది, అక్షరాలు చీమలంత అయిపోయాయి. చివరికి ఆయన రాసిన సరుకుల చీటీ కొట్టువాడికి కూడా అర్థం కాలేదు. అప్పుడు, అరవై దాటాక, నేను పలక పట్టాను.

ఈలోగా ఆయన టీ కొట్టుకు వెళ్ళడం మానేశారు. ఒకరోజు గ్లాసు తొణికితే ఎవరో తాగి వచ్చారనుకుని, "ఏంటండి, పొద్దున్నే మొదలెట్టేశారా?" అన్నారట. డాక్టరు గారు రోజూ నడవమన్నా ఇక గుమ్మం దాటలేదు.

"నా చెయ్యి నా మాట వినకపోతే అది నా చేతగానితనమే కదా" అనేవారు.

ఒక సాయంత్రం పేపర్లో ఆ జబ్బు పేరు కనిపించింది. దాని కింద రాసింది వేలు పెట్టి పైకి చదువుతూ ఒక పొడుగు మాట దగ్గర చిక్కుకున్నాను.

"మై... టో... కాం... డ్రి... యా."

"నువ్వు ఆ మాట పూర్తి చేసేలోపు గూడ్సు బండి గోదావరి దాటేసుద్ది" అన్నారు మంచం మీంచి.

"అయితే మీరే చదవండి."

"కళ్ళజోడు కనపడట్లేదు" అన్నారు. అది ఆయన నెత్తి మీదే ఉంది.

మన కణాలకు శక్తినిచ్చే చిన్న భాగాలట అవి. ఉన్నచోట ఉండవట. రెండు కలిసి ఒకటై, ఉన్నది పంచుకుంటాయి. మళ్ళీ విడిపోతాయి. అలా వేరుపడిన పాడైన ముక్కను కణం తీసేస్తుంది. ఈ కలయిక, విడిపోవడం తూకం తప్పి పాడైనవి పేరుకుపోతే, మెదడులో మన కదలికల్ని నడిపే కణాలు నీరసించి చనిపోతాయట. జబ్బుకు ఇదొక్కటే కారణమని తేలలేదు, ఇంకా వెతుకుతున్నారు అని కూడా రాశారు.

చదవడం ఆపి నా వేలి వంక చూశాను. అక్షరం కింద పెట్టిన నా వేలిలో కూడా అవి ఆ క్షణాన కలుస్తున్నాయి, విడిపోతున్నాయి. ఇన్నేళ్ళూ ముద్ర వెయ్యడానికే పనికొచ్చిందనుకున్న వేలు అది.

ఆయన లేచి కూర్చున్నారు. "ఆ ముక్క మళ్ళీ చదువు."

చదివాను.

"అయితే కాలువ లాంటిదేనే. గేటు దించి ఆ ముక్క విడగొట్టాలి, పూడిక తియ్యాలి, మళ్ళీ నీళ్ళు కలపాలి. తియ్యకపోతే కాలువ చివరనున్న శివారు పొలం ఎండిపోద్ది."

"మరి ఆ పొలం రైతుని చేతగానివాడంటారా?"

ఆయన తన చేతిని ఒళ్ళో పెట్టుకుని చూసుకున్నారు.

"శివారు రైతుని నేనెప్పుడూ ఒక్క మాట అన్లేదే" అన్నారు.

మర్నాడు పొద్దున్నే ఆయన చెప్పులు గుమ్మం ముందు పెట్టాను. కాలువ గట్టు మీద మెల్లగా నడిచి ఇద్దరం టీ కొట్టుకు వెళ్ళాం. "ఆయనకి సగం గ్లాసే పొయ్యండి, మళ్ళీ అడుగుతాం" అన్నాను. బల్ల మీద కూర్చున్నాయన మా ఆయన చేతి వంక చూశాడు. ఈయన తల దించుకోలేదు.

"మన ఒంట్లో కొన్ని ఉంటాయండి, వాటిని మై..." అని ఆగిపోయారు.

మిగతాది నేను ఒక్క ఊపిరిలో చెప్పేశాను.