చప్పుడు బయటికి రాని గది

ఇంగ్లండ్‌లోని కోవెంట్రీలో మా హియరింగ్ ఎయిడ్ షాపులో నాతోపాటు ట్రైనింగ్‌లో ఉన్న గుంటూరు అక్క, లంచ్‌కి రోజూ వినికిడి పరీక్షల గదిలోకి వెళ్ళి తలుపేసుకునేది. లోపలి చప్పుడు బయటికి రాని గది అది. ఒకరోజు నేను బయట పరీక్ష మెషీన్ హెడ్‌ఫోన్స్ పెట్టుకునేసరికి లోపలి మైక్ ఆన్‌లోనే ఉంది.

"నేను రేపట్నుంచి రాను," అంటోంది అక్క, లోపల ఒక్కతే. కోపంగా ఒకసారి, బతిమాలుతున్నట్టు ఇంకోసారి. మేనేజర్ ముందు ఎన్నడూ అనలేకపోయిన మాట. బయటికొచ్చి మూతి తుడుచుకుని, "నెక్స్ట్ ఎవరు?" అంది మామూలుగా. ఆ తర్వాత రోజూ విన్నాను.

ట్రైనింగ్ పూర్తయి అక్కకి లైసెన్స్ వచ్చిన రోజు మేనేజర్ కేక్ కోయించాడు.

"ఇంకేం అక్కా, నచ్చిన చోట చేరిపోవచ్చు," అన్నాను.

"లైసెన్స్ నాదే. వీసా ఈ షాపుదిగా," అని లంచ్ బాక్స్ పట్టుకుని ఆ గదిలోకి వెళ్ళింది.

వాల్యూమ్ మొత్తం పెంచాను. బాక్స్ మూత తీసిన చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు.