షెడ్డు గోడ మీది సైరన్

ఎనిమిదో తరగతితో నేను బడి మానేశాను. బడి కూడా పెద్దగా బాధపడలేదు. అందుకని మైపాడు దగ్గర రొయ్యలు ఒలిచే షెడ్డుకు నన్ను సూపర్‌వైజర్‌ని చేసేనాటికి నాకు తెలిసిన విద్య ఒక్కటే, నవ్వించడం. పద్దెనిమిది మంది ఆడవాళ్లు పొద్దుటి నుంచీ ఐసు నీళ్లలో చేతులు పెట్టి నిలబడతారు. ఎవరో ఒకరి మీద మాట విసిరితే గంట తెలియకుండా గడిచేది.

మా షెడ్డు గోడకే సైరన్ ఉండేది. కరెంటు పోతే మోగుతుంది. పక్కనే ఉన్న మా ఓనరు చెరువుల్లో నీళ్లు చిలికే ఏరేటర్లు ఆగితే గాలందక రొయ్యలు చస్తాయి కాబట్టి, అది వినగానే గట్టు మీది మగవాళ్లు జనరేటరు దగ్గరికి పరుగెత్తాలి.

కొత్తగా చేరిన ఒకామె సైరన్ మోగిన ప్రతిసారీ చేతిలో రొయ్య వదిలేసి, బయట కొళాయి దగ్గర కూర్చునేది. పావుగంటకు గాని లోపలికి రాదు. మూడోసారి నేను ఊరుకోలేదు.

"ఏమ్మా, కరెంటు పోతే నీకు సెలవా? లైన్‌మన్‌తో ముందే మాట్లాడుకున్నావా ఏంది?"

షెడ్డంతా నవ్వింది, ఆమె తప్ప. మర్నాడు ఆమె పనికి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

మా వాళ్లలో పెద్దామె నన్ను పక్కకు పిలిచింది. "ఆ పిల్ల మొగుడు కావలి దిక్కు చెరువులకాడ చేసేవోడు. సైరన్ మోగితే ఉరికినాడు. జనరేటరు ఏసి, తడి చేత్తో తీగ పట్టుకున్నాడు. అన్నం క్యారేజీ తీసుకొని ఈ పిల్ల ఆ గట్టు మీదే ఉండింది అప్పుడు. మాకూ నిన్ననే తెలిసింది."

పెద్దామెను వెంటబెట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. దారంతా నాకు ఒక్క జోకూ తట్టలేదు.

"నేనన్నది తప్పమ్మా" అన్నాను. "పనికి రా."

"పని లేకపోతే జరగదన్నా. ఇంకో షెడ్డులో అడిగినా. ఆడా సైరన్ ఉండాది."

"ఏం చేస్తే నీకు కుదురుతాది?"

"నెత్తి మీద మోగకుండా ఉంటే చూస్తానన్నా."

ఓనరు వినగానే విసుక్కున్నాడు. "ఒక్క మనిషి కోసం సైరన్ మారుస్తారంటయ్యా?"

"అది వినాల్సింది గట్టు మీదోళ్లు గదా సార్. ఒలిచేవాళ్లు విని ఏం చేస్తారు, చెరువులోకి నోటితో గాలి ఊదుతారా?"

ఆయనకు నవ్వొచ్చింది. నవ్వాక కాదనలేకపోయాడు. సైరన్ అవతలి గట్టు మీది స్తంభానికి వెళ్లింది. కరెంటు పోయిన సంగతి లోపలివాళ్లకు తెలిసేలా షెడ్డు తలుపు మీద బ్యాటరీతో వెలిగే ఎర్ర బల్బు పెట్టించాను. ఆమె వచ్చింది.

మొదటిసారి కరెంటు పోయినప్పుడు బల్బు వెలిగింది, దూరంగా సైరన్ సన్నగా వినిపించింది. ఆమె గ్లవ్స్ తీసి మళ్లీ బయటికే వెళ్లింది. బల్బు మందేం కాదు కదా. నేను నోరు మూసుకున్నాను. అంత కష్టమైన పని నేనెప్పుడూ చేయలేదు. గ్లవ్స్ తొడుక్కుని ఆమె చోట నిలబడి ఒలవడం మొదలుపెట్టాను.

"నాకూ భయమేన్నా, నేనూ పోతా" అంది పక్కామె.

"పో. నీ ట్రే కూడా నేనే ఒలుస్తా."

పక్కామె నా ట్రేలో తునిగిపోయిన రొయ్యల్ని ఒకసారి చూసి, కదలకుండా తన పని తను చేసుకుంది.

కొళాయి నీళ్లతో మొహం కడుక్కుని ఆమె తిరిగొచ్చింది. నేను ఒలిచినవి వేళ్లతో కదిపి చూసింది.

"జరుగన్నా" అంది. "నువ్వు ఇట్ట ఒలుస్తావని తెలిస్తే బయటికే పోయేదాన్ని కాదు."

షెడ్డంతా నవ్వింది. ఈసారి ఆమె కూడా.