కుంపటి కారులో పంతులుగారు

ఉద్యోగం కొత్త, పెళ్లి కాలేదు, చెప్పేవాళ్లున్నా వినే చెవుల్లేవు. అలాంటి కాలం ప్రతివాడికీ ఒకటుంటుంది. నాకది మెల్‌బోర్న్‌లో, ట్రుగనీనాలో, మా పెద్దమ్మ కొడుకు అద్దెకున్న ఇంట్లో ఒక గదిలో గడిచింది. తోటివాళ్లంతా పీఆర్‌కి, అంటే శాశ్వత నివాసానికి, ఎన్ని పాయింట్లు వచ్చాయో లెక్కపెట్టుకుంటుంటే, నేను మాత్రం నా ఇంజిన్ ఎన్ని డిగ్రీల దగ్గరుందో చూసుకుంటూ ఉండేవాణ్ణి. రెండు తలుపుల ఎర్ర స్పోర్ట్స్ కారు, సెకండ్ హ్యాండ్‌ది, టర్బోది. టర్బో అంటే ఇంజిన్ వదిలే వేడి పొగతోనే తిరుగుతూ, తిరిగి ఆ ఇంజిన్‌లోకే మరింత గాలిని కూరే చిన్న చక్రం. నాకు ముందు ఆ కారును ఏలినవాడు కంపెనీ ఇచ్చిన టర్బో పీకేసి, అంతకు రెండింతలది బిగించాడు. దాంతో వేగం పెరిగింది, వేడీ పెరిగింది. అమ్మేటప్పుడు వేగం సంగతి ఒక్కటే చెప్పాడు. మా వదిన దానికి మొదటి వారంలోనే ‘కుంపటి’ అని పేరు పెట్టేసింది. “బానెట్ మీద అప్పడాలు కాల్చుకోవచ్చు మరిదిగారూ, గ్యాస్ కలిసొస్తుంది” అనేది.

ఆ వేడి తగ్గించడానికి నేను చెయ్యని పని లేదు. పొగగొట్టానికి గాజుపీచు పట్టీ చుట్టాను (వారం రోజులు ఒళ్లంతా ఒకటే దురద, ఏదో ఎలర్జీ అనుకుని వదిన పసుపు రాయించింది). టర్బోకి దుప్పటి కప్పాను. పైపుల మీద బంగారు రంగు రేకు అతికించాను. “ఏరా, కారుకి ఏడువారాల నగలు కూడా చేయిస్తావా?” అన్నాడు అన్నయ్య. చివరికి వేడిగాలి బయటికి పోతుందని ఎక్కడో చదివి, బానెట్ వెనక అంచు కింద వాషర్లు పెట్టి ఒక అంగుళం పైకి లేపాను. గోడౌన్ల వెనక షెడ్డులో ఉండే ముసలి మెకానిక్ అది చూసి పడీపడీ నవ్వాడు. కారు పరుగెడుతుంటే అద్దం మొదట్లో గాలి లోపలికి నెడుతుందట, అక్కణ్ణుంచి వేడి బయటికి రాదట. “ఎయిర్ ఇన్, ఎయిర్ అవుట్, మేట్. దట్స్ ఆల్” అని వాషర్లు నా చేతిలో పెట్టాడు. ముందు మూతిలోంచి చల్లగాలి రావాలి, రేడియేటర్‌ని తాకాలి, కిందినుంచి పోవాలి. అంతే విద్య. అడ్డొస్తోందని నంబర్ ప్లేటు కూడా ఓ పక్కకు జరిపాను. ఆ తర్వాత ఇంజిన్ వేడి చూపించే ముల్లు మధ్యలోంచి కదల్లేదు. ఇంటికొచ్చిన ప్రతివాడికీ టీ కంటే ముందు గాలి ప్రవాహం గురించి నా ఉపన్యాసం అందేది.

అంతలో అన్నయ్యావాళ్ల సొంత ఇల్లు పూర్తయింది. బిల్డరు ఏడాదిగా ఇదిగో అదిగో అని తిప్పి, సరిగ్గా మూఢం ముందు తాళాలిచ్చాడు. శనివారం పది యాభై రెండుకి ఒకే ఒక్క ముహూర్తం, అది దాటితే రెండున్నర నెలలు మంచిరోజు లేదు. అద్దె ఇల్లేమో పదిహేను రోజుల్లో ఖాళీ చెయ్యాలి. పంతులుగారు ఊరికి అటు చివర ఉంటారు, ఆయన కారు సర్వీసుకి వెళ్లింది. తీసుకొచ్చే పని నాది అన్నాను. “నా కారు తీసుకెళ్లవయ్యా బాబూ, ఆ కుంపటొద్దు” అని వదిన చెవినిల్లు కట్టుకుని చెప్పింది. “ఇప్పుడది ఫుల్‌గా కంట్రోల్‌లో ఉంది వదినా, ట్రస్ట్ మీ” అన్నాను. అన్నయ్య ఒక్కటే అన్నాడు: “ఒరేయ్, టైముకి రాకపోతే మేం రోడ్డు మీద ఉంటాం.”

ఆ శనివారం పొద్దున్నే నాకు భక్తి పొంగింది. పంతులుగారు ఎక్కే కారు బోసిగా ఉంటే ఏం బాగుంటుందని, వదిన తెప్పించిన బంతిపూల దండలు మూడు తీసుకుని ఈ లైటు నుంచి ఆ లైటు దాకా మూడు వరసలుగా కట్టాను. ఫోటో తీసి ఫ్రెండ్స్ గ్రూపులో పెట్టాను కూడా. వెళ్లేటప్పుడు చల్లటి వేళ, రోడ్డు ఖాళీ. ముల్లు కాస్త పైకి జరిగినట్టనిపించినా పట్టించుకోలేదు. ఆయన్ని ఎక్కించుకునేసరికి తొమ్మిదిన్నర. అప్పటికే ఎండ ముప్పైనాలుగు. పంతులుగారు పట్టుపంచెతో ఆ పల్లపు సీట్లోకి దిగి, మోకాళ్లు గడ్డానికి తగులుతుండగా హోమం సంచీ ఒళ్లో పెట్టుకుని “పోనీ నాయనా” అన్నారు.

వెస్ట్‌గేట్ బ్రిడ్జి ఎక్కేసరికి ముందంతా కార్లు, ఒక్కటీ కదలదు. ముల్లు లేచింది. ఏసీ ఆపాను. ఇంకా లేచింది. అప్పుడు మిగిలిన ఒకే ఒక్క ఉపాయం చేశాను: హీటరు పూర్తిగా తిప్పాను. ఇంజిన్ వేడిని కొంత కారు లోపలికి లాగేస్తే అది బతుకుతుంది.

“అబ్బాయీ, ఏసీ పనిచేస్తున్నట్టు లేదే?”

“ఆపేశానండీ.”

“మరి ఈ వస్తున్నదేమిటి?”

“హీటరండీ.”

పంతులుగారు ఉత్తరీయంతో మొహం తుడుచుకుని, “నేను హోమం ముందు కూర్చునేవాణ్ణే, నాకు అలవాటే. కాకపోతే అక్కడ మధ్యలో లేచే వీలుంటుంది” అన్నారు.

బ్రిడ్జి దిగాక ఒక సర్వోలో (పెట్రోలు బంకుకి ఇక్కడి ముద్దుపేరు) ఆపేసరికి బానెట్ సందుల్లోంచి ఆవిరి వస్తోంది. పదీ అయిదు. టాక్సీ యాప్ ఇరవై అయిదు నిమిషాలంది. అన్నయ్య ఫోను. “దగ్గరికొచ్చేశాం అన్నయ్యా” అని పచ్చి అబద్ధమాడాను. బానెట్ ఎత్తి పంపు అన్నాను, ఫ్యాన్ అన్నాను, థర్మోస్టాట్ అన్నాను. నా చదువంతా అప్పజెప్పుకున్నాను గానీ ఒక్క ముక్క పనికిరాలేదు. నిజం చెప్పాలంటే ఏడుపొచ్చింది. వాళ్లు సామానంతా పెట్టెల్లో సర్దేసి కూర్చున్నారు మరి. పంతులుగారు నడుం పట్టుకుని కారు ముందుకి వచ్చి నిలబడ్డారు.

“అబ్బాయీ, దీనికి గాలెటునుంచి వెళ్తుంది?”

“ముందు నుంచేనండీ.”

“మరి దేవుడికైనా దండ మెళ్లో వేస్తాం గానీ మూతికి కట్టం కదా నాయనా!”

చూశాను. రెండు వేళ్ల సందు కోసం నంబర్ ప్లేటు జరిపిన మేధావిని, మూడు వరసల బంతిపూలు అడ్డంగా కట్టాను. గాలి రావాల్సిన మూతి మొత్తం మూసుకుపోయింది. ఇద్దరం కలిసి దండలు తెంపేశాం. లోపలి వరస పూలు ఉడికిపోయి ఉన్నాయి. ఇంజిన్ చల్లారేదాకా ఆయన నీడలో నిలబడి ఏదో స్తోత్రం చదువుకున్నారు, నేను గడియారం చదువుకున్నాను. పదీ ఇరవై ఏడుకి బయల్దేరాం. అద్దాలు దించి, హీటరు ఆపకుండా. ముల్లు మెల్లగా దిగింది. ఖాళీ రోడ్డు దొరికిన చోట కాలు కాస్త గట్టిగానే నొక్కాను.

పదీ నలభై తొమ్మిదికి ఇంటి ముందు దిగాం. పంతులుగారు నిలువునా తడిసి ఉన్నారు. “అయ్యో, ఏమిటండీ ఇది?” అంది వదిన. ఆయన తొణక్కుండా “శుభకార్యం కదమ్మా, దారిలో ఇంకోసారి స్నానం చేశాను” అని లోపలికి నడిచారు. పది యాభై రెండుకి గుమ్మం దాటారు, పాలు పొంగాయి, వదిన కళ్లు తుడుచుకుంది. అన్నయ్య నా భుజం మీద చెయ్యి వేసి “నీ కారుని అనవసరంగా ఆడిపోసుకున్నాంరా” అన్నాడు. నిజం చెప్పడానికి నోరు తెరిచి, అందులో పులిహోర పెట్టుకున్నాను.

ఇదంతా జరిగి పన్నెండేళ్లయింది. పెళ్లి కుదిరిన వారానికే కారు అమ్మేశాను (కుదరడానికి అదొక షరతు). కిందటేడు నా ఇంటి గృహప్రవేశానికి పంతులుగారికి ఫోన్ చేసి, నేనే వచ్చి తీసుకొస్తానన్నాను. “వద్దు నాయనా, నేను ట్రైన్‌లో వస్తాను” అన్నారు. స్టేషన్ మా ఇంటికి పది నిమిషాలే, నడిచే ఎదురెళ్లాను. ఆయన సంచీ అందుకున్నాను. బాగా పెద్దవారైపోయారు. సగం దారిలో అడిగారు:

“ఆ ఎర్ర కారేం చేశావు?”

“అమ్మేశానండీ.”

“అయ్యో” అని ఆగిపోయారు. “వేడి సంగతి అలా ఉంచు. చివర్లో ఆ ఖాళీ రోడ్డు మీద లాగించావు చూడు, భలే ఉండిందయ్యా!”

ఆ ఒక్క మాట ఎవరైనా అంటారేమోనని ఇరవై ఆరేళ్లప్పుడు ఊరంతా తిరిగాను, ఒక్కరూ అనలేదు. ఆయన్ని వదిన కారులో కాకుండా అందులో ఎక్కించుకున్నదీ అందుకే. “థాంక్సండీ” అన్నాను. ఇంటిదాకా ఆ కారు గురించే చెప్పాను, ఆయన పాపం విన్నారు.