దుల్కీలో రెండో చప్పుడు

ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు మా ఆయన ఎక్కిన గుర్రం నడక మాని దుల్కీ పరుగులోకి వచ్చింది. నేను చూడలేదు. వీపు తిప్పి, రోడ్డు వైపు మొహం పెట్టి స్టూలు మీద కూర్చున్నాను. బడికి ఆలస్యమవుతుందేమోనని గడియారం చూసుకోవడం మాత్రం గుర్తుంది.

ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు పోయే దారిలో ఉంది ఆ మైదానం. అక్కడ స్వారీ నేర్పేవాడిది పెళ్లి ఊరేగింపులకు గుర్రాలు పంపే ఇల్లు. ఆయనకొక పద్ధతి ఉండేది. కొత్తవాళ్లను మొదటి వారం గుర్రం ఎక్కనిచ్చేవాడు కాదు. వీపు తిప్పి కూర్చుని అడుగుల చప్పుడు విని, అది ఎలా పడుతోందో మోకాలి మీద అరచేత్తో తట్టి చూపాలి. తోడుగా పోయిన నన్ను కూడా మా ఆయన పక్కనే కూర్చోబెట్టాడు.

"ఊరికే కూచుంటే ఫోను చూస్తావు. నువ్వు గూడా విను టీచరమ్మా" అన్నాడు.

అలా నాకూ వచ్చింది. మామూలు నడకలో నాలుగు కాళ్లూ ఒకదాని తర్వాత ఒకటి పడతాయి. నాలుగు చప్పుళ్లు, మధ్య సమానమైన ఎడం. దుల్కీలో ఎడమ ముందుకాలూ కుడి వెనకకాలూ జతగా పడతాయి, తర్వాత మిగిలిన జత. అందుకని రెండే చప్పుళ్లు. కొత్తవాణ్ణి ఎగరేసేది ఇదే. ఒక చప్పుడుకు లేచి రెండోదానికి కూర్చోవడం అలవాటైతే తప్ప నడుము నిలవదు. ఇంకాస్త వేగం పెరిగితే ఆ పరుగును 'పోయా' అంటారు. మూడు చప్పుళ్లు, ఆపైన చిన్న మౌనం. సర్పట్ అంటే పూర్తి దౌడు. అందులో మళ్లీ నాలుగే గాని లెక్కపెట్టేలోపు అయిపోతాయి. మేము అంత దూరం పోలేదు.

మా ఆయనది వేముల దగ్గర పల్లె. బ్యాంకులో రిటైరయ్యాక, చిన్నప్పటి కోరిక అంటూ బయలుదేరాడు. నాకు గుర్రం మీద నమ్మకం లేదు, నేర్పేవాడి మీద అంతకంటే లేదు. మా ఆయన ఎక్కే తెల్ల గుర్రాన్ని పులివెందులలో కొన్నానన్నాడు. ఎవరి దగ్గరని అడిగితే ఒకసారి మామ అన్నాడు, ఇంకోసారి స్నేహితుడన్నాడు. మాకు వినిపించింది ఎర్ర గుర్రాన్ని, మా ఆయన్ను ఎక్కించింది తెల్లదాన్ని. పైగా నెల దాటినా నడక దాటనివ్వలేదు. గుర్రం కుంటు బయటపడేది దుల్కీలోనే అని నాకు చెప్పింది ఆ నేర్పేవాడే. బ్యాండు ముందు ఏళ్ల తరబడి ఆడి కాళ్లు పాడైన గుర్రాన్ని దాచిపెడుతున్నాడని అనుకున్నాను. అది తూలితే కింద పడేది అరవై దాటిన మనిషి. నిజం తేలాలని రోజూ అడిగి అడిగి, ఆ ఉదయం దుల్కీ తోలించాను.

మొదటి చప్పుడు బలంగా పడింది, రెండోది తేలిపోయింది. మళ్లీ అంతే. మోకాలి మీద నా చెయ్యే కుంటుతోంది.

"ఆపన్నా" అంటూ లేచాను. "ఈ గుర్రం కుంటుతాంది."

"యాడ కుంటుతాంది టీచరమ్మా? మొన్ననే నాడాలు కొట్టించినా."

"రెండో చప్పుడు తేలిపోతాంది. నువ్వు నేర్పిందే కదా."

మా ఆయన పైనుంచి నవ్వాడు. "చూసినావాప్పా? పేపర్లు దిద్ది దిద్ది గుర్రం కాళ్లకు గూడా మార్కులేస్తాంది."

గుర్రాలాయన నవ్వలేదు. అది నా అనుమానాన్ని ఇంకా పెంచింది.

"అయితే నువ్వెక్కన్నా. నేను వింటా."

"ఇప్పుడెందుకులేమ్మా."

"ఎక్కు."

ఆయన మా ఆయన వైపు చూశాడు. మా ఆయన దిగడానికి చాలాసేపు పట్టింది. నేను మళ్లీ వీపు తిప్పి కూర్చున్నాను. అదే గుర్రం, అదే నేల. రెండు చప్పుళ్లూ సమానంగా పడ్డాయి. రెండో వైపు తిప్పి తోలినా సమానమే. తప్పు దొరకాలని విన్నాను, దొరకలేదు. తప్పు మా ఆయనతో ఎక్కి, ఆయనతోనే దిగిపోయిందని అర్థం కావడానికి ఇంకొంచెం సేపు పట్టింది.

తిరిగి చూశాను. కంచె రాయి పట్టుకుని, బరువంతా ఎడమకాలి మీద వేసి నిలబడి ఉన్నాడు.

"ఎన్ని దినాలాయ?" అని ఆయన్నే అడిగాను. బదులు చెప్పింది గుర్రాలాయన.

"నెల దాటిందమ్మా. కుడి తుంటిలో నొప్పంట. ఒకపక్కకే ఒరిగి కూచుంటాండాడు. అందుకే దుల్కీ తోలల్యా. నీకు చెప్పద్దన్యాడు."

"నువ్వెందుకు చెప్తివప్పా?" అన్నాడు మా ఆయన.

"ఆయమ్మ వినేసినాక ఇంగేం దాచేది సారూ?"

మా ఆయన నా వైపు తిరిగాడు. "చెప్తే ఇది మాన్పిస్తావు" అన్నాడు. నిజమే, మాన్పించేదాన్ని.

నొప్పి కీలుది కాదు, ఎముకలో గడ్డది అన్నారు ఆసుపత్రిలో. ఏడాది తిరగకముందే ఆయన పోయాడు. నెల ముందు వచ్చినా తేడా ఉండేది కాదని డాక్టరు చెప్పాడు. నేను అడగడం పూర్తికాకముందే చెప్పాడు. ఆ మాటను నేను ఇప్పటికీ పూర్తిగా నమ్మలేదు.

ఇంకో అనుమానం కూడా పోలేదు. మొదటి వారం అయిపోయి, మా ఆయన గుర్రం ఎక్కడం మొదలుపెట్టాక కూడా, గుర్రాలాయన నన్ను స్టూలు మీద నుంచి లేవనివ్వలేదు. "నువ్వు వింటా ఉండు" అనేవాడు. అప్పుడు నేను గుర్రం వైపు చూడకుండా చేస్తున్నాడనుకున్నాను.

ఈమధ్య జమ్మలమడుగు పోతూ అక్కడ బస్సు దిగాను. నేర్చుకునేవాళ్లు ఇద్దరు వీపు తిప్పి కూర్చుని మోకాళ్లు తడుతున్నారు. వాళ్లతో వచ్చినవాళ్లు దూరంగా నిలబడి ఫోన్లు చూసుకుంటున్నారు.

"వీళ్లకు స్టూళ్లు వెయ్యలేదేందన్నా?"

"తీసేసినా టీచరమ్మా."

"ఆయన నొప్పి నేనే విని తెలుసుకోవాలనే ఆ పొద్దు కూచోబెట్టినావా?"

ఆయన జీను పట్టీ బిగించాడు. బిగించిందాన్నే మళ్లీ విప్పి బిగించాడు. "గుర్రానికి నీళ్లు పెట్టాల" అంటూ పోయాడు.

తోడుగా వచ్చిన ఇంటివాళ్లను ఇప్పుడు అక్కడ వీపు తిప్పి కూర్చోబెట్టడం లేదు.