గేటు దగ్గర ఆగిన జనాజా

పని మీద విశాఖ వెళ్లినప్పుడు పోర్టు దగ్గర రైల్వే గేటు పడింది. బొగ్గు వ్యాగన్లు మెల్లగా పోతూనే ఉన్నాయి. నలుగురు ముస్లింలు శవాన్ని మోసుకొచ్చి నా పక్కన ఆగారు. భుజాలు మార్చుకుంటున్నారే గానీ జనాజాను కింద పెట్టలేదు.

“కాసేపు దించొచ్చు కదండీ,” అన్నాను ముందున్న పెద్దాయనతో.

“ఖబరస్తాన్ దాకా దించం బాబూ. మా తమ్ముడీడు. శానా దూరం మోసి మా ఓల్లు అలిసిపోనారు. నువ్వో భుజం పడతావేటి?”

“నేను మీవాణ్ణి కాదండీ. ఈ ఊరూ కాదు.”

“అయితే ఏటి?” అంటూ వెనకాయన్ని జరగమన్నాడు.

భుజం పెట్టాను. బరువే లేదు.

“రోగంతో సిక్కి సగమైపోనాడు,” అన్నాడు పెద్దాయన, వ్యాగన్లనే చూస్తూ.

గేటు లేచినా భుజం తీయలేకపోయాను. ఖబరస్తాన్‌లో మట్టి వేసేటప్పుడు ఆయన నా చేతిలోనూ ఓ పిడికెడు పెట్టాడు.