సంగారెడ్డి లైన్

1978లో నేను జహీరాబాద్ టెలిఫోన్ ఎక్స్‌చేంజ్‌లో ఆపరేటర్‌ని. ఊళ్లో ఎవరు ఫోనెత్తినా మా స్విచ్‌బోర్డు మీద చిన్న మూత టప్పున పడేది. ఏ నంబరు కావాలో అడిగి, కార్డ్ అనే వైరు గుచ్చి కలిపేవాళ్లం. వేరే ఊరికి ట్రంక్ కాల్ అయితే సంగారెడ్డి ఆపరేటర్‌ని పిలవాలి. మాలో మాకు పేర్లుండవు, ఊళ్లే పేర్లు. ఆమె నన్ను "జహీరాబాద్" అనేది, నేనామెను "సంగారెడ్డి" అనేవాణ్ని.

ఆమె గొంతు బాగుండేది. ఉన్నమాట చెప్పాలిగా. కాల్స్ లేని మధ్యాహ్నాల్లో కబుర్లు మొదలయ్యాయి. మీ పక్కూరు కోహీర్ జామకాయలు తియ్యగా ఉంటాయటగా అని ఒకరోజు, కూరేం వండారని ఇంకోరోజు. నెల తిరిగేసరికి ఆమె సరోజ, నేను సామ్యేలు సార్.

"ఇంట్ల ఎవరెవరుంటరు సార్?" అని అడిగింది ఒకసారి.

"అమ్మా, నేను" అన్నాను. పొద్దున నా భార్య సుగుణ కట్టిచ్చిన జొన్నరొట్టెలు ఎదురుగానే ఉన్నాయి. ఆ అబద్ధం అంత నున్నగా ఎలా వచ్చిందో నాకే భయమేసింది. ఇంట్లో యేసు నేర్పిన పరలోక ప్రార్థన చేస్తుంటే, పాపపు ఆశలో పడనివ్వకని వేడుకునే చోట, శోధన అన్న మాట దగ్గర నాలుక తడబడేది. అయినా మర్నాడు నున్నగా గడ్డం గీసుకుని, పౌడరు రాసుకుని మరీ డ్యూటీకి పోయాను. ఫోన్లో మాట్లాడేవాడికి పౌడరెందుకో!

ఒక శనివారం సరోజ అంది: "రేపు కాదు, పై ఆదివారం చిరాగ్‌పల్లి మా చిన్నమ్మ ఇంటికి పోతున్న. జహీరాబాద్ బస్టాండ్ల దిగుత. ఒక్కసారి కనపడరాదు సార్?"

సరేనన్నాను.

మర్నాడు నెల మొదటి ఆదివారం, చర్చిలో ప్రభు సంస్కారం, అంటే యేసును తలచుకుని అందరం రొట్టె, ద్రాక్షరసం తీసుకునే రోజు. మనసులో దోషం పెట్టుకుని ఆ రొట్టె ముట్టకూడదని మావాళ్ల నియమం. అందరూ లేచి ముందుకు వెళ్లారు. నేను లేవలేకపోయాను.

"రొట్టె ఎందుకు తీస్కోలె?" ఇంటికి రాగానే సుగుణ అడిగింది.

"కడుపు బాగలేదు."

"కడుపా, మనసా?"

ఇక దాచలేక అంతా చెప్పేశాను. సిగ్గుతో చచ్చిపోయాను. సుగుణ ఏడ్చింది, పొయ్యి మీద అన్నం మాడింది. చివరికి కొంగుతో ముఖం తుడుచుకుని, "నాకు చెప్తే సగమే అయింది. ఆ పిల్లకు గూడ చెప్పు, ఆమెనెందుకు మోసం చేస్తవ్? రేపు నేనొచ్చి మీ ఎక్స్‌చేంజ్ కిటికీ కాడ నిలబడ్త" అంది.

అన్నట్టే వచ్చి నిలబడింది. హెడ్‌సెట్ పెట్టుకుని సంగారెడ్డి లైనులో కార్డ్ గుచ్చాను.

"సరోజగారూ, నాకు పెళ్లయింది. మా ఇంటామె పేరు సుగుణ. మీకు అబద్ధం చెప్పిన, మాఫ్ చెయ్యుండ్రి. ఆదివారం నేను రాను."



"మొదటి దినమే చెప్తే ఏం పోతుండె సార్?" అంది. ఆ గొంతులో బాధ తెలుస్తూనే ఉంది. తర్వాత మామూలుగా, "జహీరాబాద్, లైన్ ఖాళీ చెయ్యుండ్రి. హైదరాబాద్ కాల్ ఉంది" అంది.

మళ్లీ "జహీరాబాద్" అన్న ఆ పిలుపు మొదట గుచ్చుకుంది. తర్వాత గుండెల మీద బరువు దిగినట్టయింది. ఆ తర్వాత చాలా ఏళ్లు ఒకే లైను మీద పనిచేశాం, మళ్లీ పేర్లు పలకలేదు.

శోధన కొమ్ములు పెట్టుకుని వస్తుందనుకునేవాణ్ని. నా దగ్గరికి కూరేం వండారంటూ వచ్చింది. దాన్ని ఎవరికీ చెప్పకుండా నేనొక్కణ్నే గెలుద్దామనుకున్నన్నాళ్లూ ఓడిపోతూనే ఉన్నాను. ఇంట్లో నోరు విప్పిన రోజే దాని బలం పోయింది.

మరుసటి నెల సుగుణ పక్కనే మోకరించి రొట్టె అందుకున్నాను. చర్చి మెట్లు దిగుతుంటే నావైపు చూడకుండానే అంది:

"ఇయ్యాల కడుపు మంచిగనే ఉన్నట్టుంది."